మా చెరువులో మూడు రోజులుగా ఓ పెద్ద పక్షి. కొంగ కాదు, బాతు కాదు. ఏంటిది?

నంబూరు_నాని
నంబూరు దగ్గర మాకు ఎకరంన్నర చేపల చెరువు ఉంది, కట్ల, శీలావతి వేశాం. మొన్న పొద్దున ఆరింటికి తవుడు సంచులు కట్టడానికి వెళ్తే నీళ్ళ మధ్యలో ఓ పక్షి కూర్చుని ఉంది. ఎంత పెద్దదంటే దూరం నుంచి చూసి ఎవరిదో తెల్ల గోనెసంచి కొట్టుకొచ్చింది అనుకున్నాను. దగ్గరికి వెళ్తే తల తిప్పి చూసింది. రంగు మురికి తెలుపు, వీపు మీద కొంచెం గోధుమరంగు. ముక్కు అడుగు పైనే ఉంటుంది. మూడు రోజులుగా పొద్దున్నే వస్తోంది, ఎండెక్కాక పోతోంది. అమ్మ కొంగ అంటోంది, నాన్న బాతు అంటున్నారు, పక్క చెరువు బాబాయి నారాయణ పక్షి అని తేల్చేశాడు. ఫొటో తీశాను కానీ ఫోను జూమ్‌లో ఓ తెల్ల మచ్చ తప్ప ఏమీ కనపడటం లేదు. ఎవరికైనా తెలుసా?

కృష్ణలంక_శ్రీను
నారాయణ పక్షే అయి ఉంటుంది. బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద రోజూ చూస్తాను, బూడిదరంగులో నిలువెత్తు నిలబడి ఉంటుంది.

తెనాలి_లక్ష్మి
ఉప్పలపాడు పక్షుల చెరువు నుంచి కొంగ దారి తప్పి వచ్చి ఉంటుంది. ఎర్రకాళ్ళ కొంగ. దానికీ ముక్కు పెద్దదే, పసుపు రంగులో ఉంటుంది.

రెక్కల_రమ
నానీ, ముందు ఒక్క సంగతి చెప్పు. అది నీళ్ళలో నిలబడి ఉందా, ఈదుతోందా?

నంబూరు_నాని
ఈదుతోందండీ. మా చెరువు మధ్యలో ఆరడుగుల లోతు, నిలబడే వీలే లేదు. పడవలా తేలుతోంది.

రెక్కల_రమ
అయితే కొంగ కాదు, నారాయణ పక్షీ కాదు. అవి రెండూ కాళ్ళు ఆనేంత లోతులో నిలబడి వేటాడే జాతులు, నడి చెరువులో గంటల తరబడి తేలవు. ఇంకో రెండు ప్రశ్నలు. ఎగిరేటప్పుడు మెడ ముందుకు చాపుతుందా, వెనక్కి ముడుస్తుందా? ముక్కు కింద తోలు వేలాడుతూ కనపడిందా?

నంబూరు_నాని
ఎగరడం నిన్న చూశాను. ముందు నీళ్ళ మీద రెండు కాళ్ళతో టపటపా కొట్టుకుంటూ ఇరవై గజాలు పరుగెత్తింది, అప్పటికి గానీ లేవలేదు. లేచాక మెడ లోపలికి లాగేసుకుంది, తల భుజాల మీద పెట్టుకున్నట్టుంది. ముక్కు కింద తోలు ఉందండీ, పల్చగా, ముడతలు ముడతలుగా.

రెక్కల_రమ
గూడబాతు. పెలికాన్. ఎర్రకాళ్ళ కొంగ మెడ బారుగా చాపి ఎగురుతుంది. నారాయణ పక్షి మెడ ముడుస్తుంది గానీ ఈదదు. మెడా ముడిచి, నీళ్ళ మీదా తేలి, ముక్కు కింద సంచీ ఉంటే ఇక వేరే పేరు వెతకక్కర్లేదు.

కృష్ణలంక_శ్రీను
పెలికాన్ అంటే బయటి దేశాల పక్షి కదా? సైబీరియా నుంచి వస్తుందంటారు?

ఉప్పలపాడు_ఊరోణ్ణి
సైబీరియా ఏంటండీ, ఇది ఇక్కడి పిల్ల. మా ఊరి చెరువులో సర్కారు తుమ్మల మీద గూళ్ళు కట్టుకుని, ఇక్కడే పుట్టి ఇక్కడే తిరుగుతాయి. చలికాలంలో వచ్చిపోయే బాతులు వేరే ఉన్నాయి, వాటితో కలిపేసి అన్నింటినీ సైబీరియా కొంగలు అనేస్తారు. మా చిన్నప్పుడు ఆ చెరువు నీళ్ళు ఊరికి తాగడానికి. ఇప్పుడు పక్షులకి వదిలేశాం.

రెక్కల_రమ
అవును. ఇండియా, శ్రీలంక, కంబోడియా ఈ చుట్టుపక్కలే దీని బతుకంతా. పై ముక్కు అంచు వెంట నీలి నలుపు చుక్కలు వరసగా ఉంటాయి, దాన్ని బట్టే ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అన్నారు. నాలుగైదు అడుగుల పొడవు, బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు, రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు. నానీ, ముక్కు మీద చుక్కలు కనపడ్డాయా?

నంబూరు_నాని
లేవు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ముక్కు నున్నగా, చుక్కా గిక్కా లేకుండా ఉంది.

లెన్స్_రాజా
చుక్కల్లేకపోతే అది గ్రేట్ వైట్, మనవాళ్ళు రోజీ పెలికాన్ అంటారు. చలికాలపు అతిథి. జనవరి కాబట్టి టైమింగ్ కూడా సరిపోయింది. చిత్తడి నేలల్లో పదిహేనేళ్ళుగా కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను, మన లోపలి చెరువుల్లో ఇది కనపడటం అరుదు. నానీ, రేపు పొద్దున్నే నేను రానా?

రెక్కల_రమ
రాజా, తొందరపడకు. చుక్కలు పుట్టుకతో రావు. పిల్లకి ఏడాది దాటాకే ముక్కు మీద చుక్కలు తేలడం మొదలవుతుంది, పూర్తి పెద్ద పక్షి రంగు రావడానికి మూడో ఏడు పడుతుంది. వీపు మీద గోధుమరంగు ఉందని నాని మొదటి పోస్టులోనే రాశాడు. నాకైతే అది పోయిన సీజన్లో పుట్టిన మన పిల్లే అనిపిస్తోంది.

లెన్స్_రాజా
రోజీ పెలికాన్ పిల్లకి కూడా గోధుమరంగు ఉంటుంది. రంగు చూసి తేల్చలేం.

రెక్కల_రమ
అది నిజమే, ఒప్పుకుంటాను. రెక్క కింద చూస్తే తేలుతుంది. రోజీకి రెక్క వెనక సగం నల్లగా గీత గీసినట్టు ఉంటుంది, ముందు సగం లేతరంగు. ఆ తేడా కింద నుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మనదానికి రెక్క కింద అంతా మసక బూడిదే. నానీ, అది పైకి లేచి నీ తల మీదుగా వెళ్ళేటప్పుడు వీడియో తియ్యి చాలు.

పొన్నూరు_పెద్దయ్య
మీరు పోట్లాడుకుంటూ ఉండండి, నేనో మాట చెప్తాను. గూడబాతు అన్న పేరులో గూడ అంటే ఏంటో ఈ కాలం పిల్లలకి తెలియదు. మా చిన్నప్పుడు మోటార్లు లేవు. కాలువ కిందుంటే, పొలం మెరకన ఉంటే నీళ్ళు గూడేసి తోడేవాళ్ళం. తాటాకుతోనో రేకుతోనో చేసిన పెద్ద చేట లాంటి బుట్ట, దానికి అటు రెండు తాళ్ళు ఇటు రెండు తాళ్ళు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒక ఊపు కిందికి, ఒక ఊపు పైకి. బుట్ట నీళ్ళు ముంచుకుని పైకొచ్చి మడిలో బోర్లా పడేది. మా అన్నా నేనూ తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కేదాకా వేసేవాళ్ళం, అరచేతులు బొబ్బలెక్కేవి. ఈ పక్షి నీళ్ళు ముంచేదీ అచ్చం అలాగే ఉంటుంది. ఆ పేరు పెట్టిన మనిషి గూడ వేసినవాడే అయి ఉంటాడు.

తెనాలి_లక్ష్మి
పెద్దయ్యగారూ, ఎంత బాగా చెప్పారు. మా తాతగారు పాడే గూడ పాట ఒకటి ఉండేది, ఒక్క ముక్క గుర్తులేదు. ఇప్పుడు ఏడుపొస్తోంది.

సత్తెనపల్లి_సుబ్బు
పేరు సంగతి సరే, నాని చేపల సంగతి ఎవరూ అడగరేం? అంత పెద్ద సంచి ఉన్న పక్షి చెరువులో దిగితే ఏం మిగులుతుంది? చెరువు మీద అటూ ఇటూ నైలాన్ తంగూసు దారం లాగి కట్టు నానీ. కిందికి దిగలేదు. మా బావమరిది అలాగే కట్టాడు, మళ్ళీ రాలేదు.

నంబూరు_నాని
నాన్నకీ అదే టెన్షన్. చేప కిలో సైజుకొచ్చింది, ఇంకో రెండు నెలల్లో పట్టుబడి. సంచి నిండా నింపుకుని పిల్లలకి తీసుకెళ్తుందని బాబాయి చెప్పాడు.

రెక్కల_రమ
ఆ సంచి చేపలు మోసుకెళ్ళడానికి కాదు. పట్టడానికే. నీళ్ళతో సహా చేపని ముంచుతుంది, తర్వాత ముక్కు గుండెకి ఆనించి నీళ్ళన్నీ పక్కల నుంచి కార్చేస్తుంది, నీళ్ళు పోయాక తల పైకెత్తి మింగుతుంది. పిల్లలకి పెట్టేది గొంతు లోపలి నుంచి తీసి. సంచిలో నీళ్ళు మోసుకెళ్ళి పిల్లలకి తాగిస్తుందన్న మాట కూడా కథే. అంత నీటి బరువుతో అసలు గాల్లోకి లేవలేదు.

కైకలూరు_చెరువు
ఇప్పుడే చూశాను ఈ చర్చ. మాది కైకలూరు పక్కన పన్నెండెకరాలు, ఆటపాక పక్షుల కేంద్రం నుంచి ఈ పక్షులు మా మీదుగానే రోజూ వెళ్తాయి, కాబట్టి నా మాట కొంచెం వినండి. గూడబాతు చేప తినదు అని నేను చెప్పను. తింటుంది. కానీ చెరువు మొత్తం ఊడ్చేసేది అది కాదు, ఆ పని నీటికాకులది. నీటికాకి గుంపు వందల్లో దిగి నీళ్ళ అడుగుకి మునిగి మరీ పట్టుకుంటుంది, చేపపిల్ల వేసిన మొదటి రెండు నెలలూ దానితోనే మా పోరు. గూడబాతు మునగలేదు. ఒళ్ళంతా గాలి తిత్తులు, బెండులా తేలుతుంది. మెడ అందినంత లోతులో, అంటే పైపైన తిరిగే చేపనే పట్టగలదు.

అందుకే నానీ, నిన్నో మాట అడుగుతాను. పొద్దున్నే ఆరింటికే ఎందుకు వస్తోందో ఆలోచించావా? ఆ టైముకి మీ చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా?

నంబూరు_నాని
అవునండీ! రెండు మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. పొద్దున్నే గట్టు వార చేపలు పైకి తేలి మూతులు కదుపుతున్నాయి. తవుడు కోసం అనుకున్నాం.

కైకలూరు_చెరువు
తవుడు కోసం కాదు బాబూ, గాలి కోసం. నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడి ఉంటే రాత్రంతా ఆ నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది, తెల్లారేసరికి నీళ్ళలో అది బాగా తగ్గిపోతుంది. మబ్బు రోజుల్లో ఇంకా ఘోరం. చేప పైకొస్తే గూడబాతుకి పళ్ళెంలో వడ్డించినట్టే. మా దగ్గర ముసలి కాపలాదారు ఒకాయన ఉన్నాడు, గూడబాతులు తెల్లారకముందే దిగితే మమ్మల్ని నిద్ర లేపుతాడు, పక్షిని తోలడానికి కాదు, ఏరేటర్లు, అదే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు, వేయడానికి. ఈ రోజు నుంచి మేత సగానికి తగ్గించు, కొత్త నీళ్ళు పెట్టు, ఏరేటర్ లేకపోతే ఇంజను పెట్టి చెరువు నీళ్ళే పైనుంచి జల్లులా పడేట్టు తిప్పు. రెండు రోజుల్లో చేప కిందికి దిగుతుంది, పక్షి తనంతట తానే వేరే చెరువు చూసుకుంటుంది.

సత్తెనపల్లి_సుబ్బు
అంతా బాగానే ఉంది గానీ తంగూసు కడితే ఖర్చు రెండొందలు, ఈ ఏరేటర్లకి వేలు.

కైకలూరు_చెరువు
ఏరేటర్ పక్షి కోసం కాదు సుబ్బూ, చేప బతకడం కోసం. తంగూసు మాత్రం వద్దు. అది కంటికి కనపడదు. పక్షి చూసి ఆగదు, వచ్చి తగులుకుంటుంది. కట్టాలంటే లావు తాడు, పైన మెరిసే రిబ్బన్లు వేలాడదీసి, వదులు లేకుండా బిగించి కట్టాలి.

లెన్స్_రాజా
ఒక చిన్న సంగతి, 1972 వన్యప్రాణి చట్టం కింద దీనికి రక్షణ ఉంది. తోలడం వేరు, గాయపరచడం వేరు. మీవాళ్ళకి చెప్పు నానీ.

విజయవాడ_వినీల
ఒకప్పుడు మా అమ్మమ్మ గుడివాడ నుంచి వచ్చేటప్పుడు కొల్లేటి పక్షుల గురించి కథలు కథలుగా చెప్పేది. తర్వాత అసలు కనపడట్లేదు అనేది. ఇప్పుడు మళ్ళీ ఉన్నాయా?

రెక్కల_రమ
ఉన్నాయి, కానీ మధ్యలో ఓ పెద్ద ఖాళీ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతుల గూళ్ళ గుంపుని చూసి లోకానికి చెప్పాడు. అప్పట్లో ఊళ్ళ మధ్య తాడిచెట్ల మీదే గూళ్ళు. డెబ్భైల నాటికి అవన్నీ వదిలేసి పోయాయి. చెట్లు పోవడం, జనం పెరగడం, చేపల చెరువులు పెరగడం, కారణాలు ఒకటి కాదు. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు.

కైకలూరు_చెరువు
ఆ 2006 సంగతి ఒక్క వాక్యంలో దాటేయకండి రమగారూ. ఆ గట్లతోపాటు మా మేనమామ బతుకు కూడా పోయింది. సరస్సు బాగుపడాలి, నేను కాదనను, ఇవాళ నా చెరువు మీద ఎగిరే పక్షిని చూస్తే నాకూ ఆనందమే. కానీ అప్పు తెచ్చి గట్టు వేసుకున్న చిన్నవాళ్ళు ఏమైపోయారో కూడా ఎవరైనా రాయాలి.

రెక్కల_రమ
నిజమే. నేను పక్షుల వైపు నుంచే రాశాను. తప్పు ఒప్పుకుంటున్నాను.

విజయవాడ_వినీల
మరి ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

కైకలూరు_చెరువు
ఆటపాక రా అమ్మా. విజయవాడలో భీమవరం వైపు రైలెక్కితే గుడివాడ మీదుగా కైకలూరు, అక్కడి నుంచి ఆటో. చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతారు, వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు. అపార్టుమెంటులా ఉంటుంది.

ఉప్పలపాడు_ఊరోణ్ణి
గుంటూరు వాళ్ళకి అంత దూరం ఎందుకు, మా ఊరు రండి. పెదకాకాని మండలమే. ఒకే తుమ్మ చెట్టు మీద పైన గూడబాతు, మధ్యలో ఎర్రకాళ్ళ కొంగ, కింద కొమ్మల్లో నీటికాకి. పొద్దున్నే వాసన కొంచెం ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. ఎండాకాలం వస్తే నీళ్ళ కోసమే మా భయం, చెరువు నిండా నీళ్ళుంటేనే కుక్కలూ పిల్లులూ గూళ్ళ దాకా రావు.

కృష్ణలంక_శ్రీను
పోయిన మార్చిలో అక్కడికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఓ పక్షి నోరు తెరిచి గొంతు సంచి గజగజా వణికిస్తోంది. జబ్బు చేసిందనుకుని మా పాప ఏడ్చేసింది. అదేంటి?

రెక్కల_రమ
పాపకి చెప్పండి, అది విసనకర్ర. పక్షికి చెమట పట్టదు. ఆ సంచి తోలు పల్చన, లోపల రక్తనాళాలు బోలెడు. నోరు తెరిచి ఆ తోలు ఆడిస్తే ఒంట్లో వేడి బయటికి పోతుంది.

నంబూరు_నాని
వీడియో దొరికింది! ఈ రోజు తొమ్మిదింటికి సరిగ్గా నా నెత్తి మీదుగా వెళ్ళింది. రెక్క కింద అంతా మసక బూడిదరంగే, నల్ల గీత లేదు. పైన పెట్టాను చూడండి.

లెన్స్_రాజా
చూశాను. మూడుసార్లు ఆపి ఆపి చూశాను. రమగారిదే కరెక్టు, మన గూడబాతు పిల్లే. నేను చుక్కల దగ్గరే ఆగిపోయాను.

రెక్కల_రమ
వీడియో చివర్లో వీపు కింది భాగం కాస్త గులాబీ ఛాయలో కనపడుతోంది చూశావా రాజా? ఎంత బాగుందో.

నంబూరు_నాని
(నాలుగో రోజు) చాలా బాధగా రాస్తున్నాను. రమగారూ, కైకలూరు అన్నా, ఎవరైనా వెంటనే చెప్పండి. నిన్న సాయంత్రం నేను గుంటూరు వెళ్ళినప్పుడు నాన్న తంగూసు కట్టించేశారు. ఇక్కడ సుబ్బుగారు రాసింది నేనే ఆయనకి చదివి వినిపించాను, తర్వాత వద్దన్న పోస్టు వినిపించలేదు. పొద్దున వెళ్ళేసరికి పక్షి గట్టు వార పడి ఉంది. ఎడమ రెక్కకి దారం నాలుగైదు చుట్లు పడింది, లాక్కున్నకొద్దీ బిగుస్తోంది. రెక్క మడత దగ్గర రక్తం. దగ్గరికి వెళ్తే ముక్కు తెరిచి బుస్సుమంటోంది. అమ్మ గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. ఏం చేయాలి?

మౌనిక_పశువైద్యం
నేను పశువైద్యం చివరి సంవత్సరం. కంగారు పడకుండా చదువు. దారం లాగొద్దు, చెరువు వైపు కట్టిన చివర కోసెయ్యి, పక్షి ఒంటి మీద ఉన్నది అలాగే ఉంచు. అటవీశాఖకి ఫోన్ చెయ్యి, వాళ్ళు వచ్చేదాకా పెద్ద దుప్పటి వెనక నుంచి మీద కప్పి రెక్కలు ఒంటికి అదిమి పట్టుకో, తల కూడా కప్పితే చీకటికి నెమ్మదిస్తుంది. ముక్కు కొసన కొక్కెం లాంటి గోరు ఉంటుంది, నీ మొహం దూరంగా పెట్టు. ముఖ్యమైన మాట, ముక్కు గుడ్డతో గట్టిగా కట్టెయ్యకు. ఈ పక్షికి ముక్కు రంధ్రాలు దాదాపు మూసుకుపోయి ఉంటాయి, నోటితోనే ఊపిరి తీసుకుంటుంది. కట్టేస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. నోట్లో నీళ్ళు పోయొద్దు.

పొన్నూరు_పెద్దయ్య
అట్టపెట్టె పెద్దది చూసి, అడుగున గోనెపట్టా పరిచి అందులో పెట్టు నాయనా. నీడలో.

సత్తెనపల్లి_సుబ్బు
నానీ, నేను రాసిన మాట వల్లే ఇలా జరిగింది. మా బావమరిది చెరువుకి మళ్ళీ రాలేదు అన్నానే, ఎందుకు రాలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను, తీసేయమన్నాను. పక్షి ఎలా ఉందో చెప్పు.

నంబూరు_నాని
అట్టపెట్టెలో ఉంది. ఫోన్ చేశాను, వస్తున్నారు. దుప్పటి కప్పి పట్టుకున్నది నాన్నే. ఆయన చేతులు వణుకుతున్నాయి.

తెనాలి_లక్ష్మి
ఆయన్ని ఏమీ అనకు నానీ. చేపలు పోతాయన్న భయంతో చేసిన పని.

లెన్స్_రాజా
గంటైంది. ఏమైంది?

నంబూరు_నాని
ఇప్పుడే వెళ్ళారు. ఇద్దరు వచ్చారు, తోడుగా పశువుల డాక్టరుగారు. చిన్న కత్తెరతో ఒక్కో చుట్టూ కోశారు, అరగంట పట్టింది. ఎముక విరగలేదు. రెక్క ముందు అంచున తోలు తెగింది, కుట్లు కూడా అక్కర్లేదన్నారు, మందు రాసి రెండు మూడు రోజులు తమ దగ్గర ఉంచుకుంటామన్నారు. తల పట్టుకోవడానికి సాయం చేయమంటే పట్టుకున్నాను. ఆ సంచి నా చేతికి తగిలింది. వెచ్చగా, తడిగా, తమలపాకు కన్నా పల్చగా ఉంది. వెలుతురుకి ఎదురుగా ఉంటే లోపల నరాలు దారాల్లా కనపడ్డాయి. మెడ పట్టుకుంటే బరువే లేదు, అంత పక్షికీ దూదిలా ఉంది. కళ్ళు మాత్రం నన్నే చూశాయి.

పెట్టె బండిలో పెట్టాక నాన్న చెరువు చుట్టూ తిరిగి మిగిలిన తంగూసంతా ఆయనే చుట్టేసి పొయ్యిలో పెట్టారు. కైకలూరు అన్న చెప్పినట్టు నిన్నటి నుంచి మేత తగ్గించాం, ఇంజను పెట్టి నీళ్ళు తిప్పుతున్నాం. ఈ రోజు పొద్దున చేప పైకి రాలేదు.

మౌనిక_పశువైద్యం
చాలా బాగా చేశారు. ఎముక బాగుంటే ఎగురుతుంది.

కైకలూరు_చెరువు
చల్లని మాట చెప్పావు. తంగూసు కాల్చితే పొగ మంచిది కాదు, ఈసారి ముక్కలు చేసి చెత్తలో వెయ్యమను. నీళ్ళు ఇంకో వారం తిప్పు.

రెక్కల_రమ
ఒక పిల్ల కోసం ఇంతమంది తాపత్రయపడటం చూసి ఇది రాయాలనిపించింది. బర్మాలో సిట్టాంగ్ నది పక్కన గూడబాతులు లక్షల్లో ఉన్నాయని 1877లో ఓట్స్ అనే ఆయన రాసి పెట్టాడు. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే ఆ గూళ్ళన్నీ ఖాళీ అయిపోయాయి. అంత గుంపే లేకుండా పోయింది. ఇప్పుడు మన ఉప్పలపాడు, ఆటపాక, నెల్లూరు వైపు నేలపట్టు, శ్రీకాకుళంలో తేలినీలాపురం, కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు, ఇలా ఊళ్ళ పక్కన ఉన్న గూళ్ళే దీనికి ఆధారం. ఒక గూట్లో మూడు నాలుగు గుడ్లు, నెల రోజులు పొదుగు, ఎగరడానికి మళ్ళీ మూడు నుంచి అయిదు నెలలు. ఇంత కష్టపడితే ఒక పిల్ల నీ చెరువు దాకా వస్తుంది నానీ.

పొన్నూరు_పెద్దయ్య
తేలినీలాపురంలో ఆ పక్షులు రాకపోతే ఆ ఏడు వానలు ఉండవని ఊరివాళ్ళు బెంగ పెట్టుకుంటారని విన్నాను. ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారట.

ఉప్పలపాడు_ఊరోణ్ణి
మా ఊళ్ళోనూ అంతే పెద్దయ్యా. దీపావళికి చెరువు పక్క వీధుల్లో పెద్ద బాంబులు కాల్చనివ్వం, పిల్లలు కూడా వింటారు.

నంబూరు_నాని
(ఏడో రోజు) ఫోన్ వచ్చింది. రెక్క ఆడిస్తోందట, నిన్న బేసిన్లో చేపలు వేస్తే తనే పట్టుకుందట. ఈ సాయంత్రం ఉప్పలపాడులో వదులుతున్నారు, రమ్మన్నారు. నాన్న పనిగట్టుకుని ఉతికిన చొక్కా వేసుకున్నారు.

సత్తెనపల్లి_సుబ్బు
నేనూ వస్తున్నాను. బస్సెక్కాను.

నంబూరు_నాని
వదిలారు. పెట్టె మూత తీస్తే కాసేపు కదల్లేదు. తర్వాత గట్టు దిగి నీళ్ళలోకి జారింది, ముక్కు రెండుసార్లు నీళ్ళలో ముంచి విదిలించింది, ఒళ్ళంతా దులుపుకుంది. పావుగంట అలా ఈదుతూ వెళ్ళి తుమ్మ చెట్ల కింద మిగతావాటి మధ్యలో కలిసిపోయింది. నాన్న వాచ్ టవర్ ఎక్కి చీకటి పడేదాకా దాన్నే వెతికారు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది మనదో తెలియలేదు. సుబ్బుగారు మా అమ్మకి సత్తెనపల్లి నుంచి జంతికలు తెచ్చారు.

లెన్స్_రాజా
ఆదివారం పొద్దున అయిదున్నరకి గుంటూరు నుంచి ఉప్పలపాడు బయల్దేరుతున్నాను, కారులో ముగ్గురికి చోటుంది. రమగారూ బైనాక్యులర్ తెండి, నాది పాడైంది.

విజయవాడ_వినీల
ఒక చోటు నాకు, ఒకటి మా అమ్మమ్మకి. ఆవిడకి ఎనభై రెండు, మెట్లెక్కించే బాధ్యత మీది.

కృష్ణలంక_శ్రీను
ఇదే చర్చలో అడగొచ్చా? ఈ రోజు బందరు కాలువలో నీళ్ళ పైన ఒట్టి మెడ ఒకటే కనపడింది, సన్నగా, పొడుగ్గా. ఒళ్ళు లేదు. పాము అనుకుని వెనక్కి దూకాను, తీరా చూస్తే ముక్కు ఉంది.

రెక్కల_రమ
తర్వాత ఎక్కడైనా మొద్దు మీద కూర్చుని రెక్కలు రెండూ బార చాపి ఆరేసుకుందా?

కృష్ణలంక_శ్రీను
అవును! బట్టలారేసినట్టు!

రెక్కల_రమ
పాముబాతు. ఆదివారం ఉప్పలపాడులో కనపడితే చూపిస్తాను, నాలుగో చోటు ఉందేమో రాజాని అడుగు.